మా కుక్కకు మేనమామ సంబంధం

మా అన్నయ్య ఆ ఆదివారం బకెట్లో కొరమీనులు వేసుకుని కొల్లేరు నుంచి తాడేపల్లిగూడెం వచ్చాడు. వెంట మా అమ్మ కూడా ఉంది. ఊరికే చేపలు తెచ్చే మనిషి కాదు మా అన్నయ్య. తెచ్చిన ప్రతిసారీ వెనకాల ఒక కోరిక ఉంటుంది. ఆ కోరికలన్నీ నాకు వరసగా గుర్తున్నాయి. అందుకే బకెట్ వంటింట్లో పెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుని అడిగేశాను.

"ఏం పని మీద వచ్చావన్నయ్యా?"

"అదేంటి చెల్లెమ్మా, రాగానే అలా అడిగేస్తావు. పిల్లనడగటానికి వచ్చాం. కాస్త మర్యాద చెయ్యి."

మా ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఒక్కతే, నా కూతురు. దాని సంగతి మా అన్నయ్య ఎప్పుడో తేల్చేశాడు. "చెవులు బాగుంటే మా వాడికే చేసుకునేవాళ్ళం చెల్లెమ్మా" అని ఒక పెళ్ళి భోజనాల దగ్గర, పక్క విస్తరి వాళ్ళు కూడా వినేలా అన్నాడు. ఆ రోజు ఏ కూరలు వడ్డించారో కూడా నేను చెప్పగలను. అందువల్ల ఇప్పుడు అడుగుతున్న పిల్ల ఎవరో నాకు వెంటనే తట్టలేదు. అన్నయ్య గుమ్మం వైపు చూపించాడు. అక్కడ నేల చల్లగా ఉంటుందని పొట్ట ఆనించి పడుకుని ఉంది మా లాబ్రడార్ కుక్క.

"మా చెరువు మీద మగదానికి దీన్ని కడదాం. మంచి పిల్లలు పడతాయి."

"దానికీ వయసొచ్చింది కదే" అంది మా అమ్మ. "మేనమామ ఉండగా బయట సంబంధం ఎందుకు? తెలిసిన రక్తం."

ఆ మాటకి మా ఆయన నవ్వారు. మా అన్నయ్య ఇంకా గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో వాళ్ళెవరికీ తట్టలేదు, అదీ నా బాధ.

మా ఆయన మా అమ్మకు తమ్ముడు. అంటే నాకు సొంత మేనమామ. మా వైపు ఇది వింత కాదు, వింత అని నేనూ అనను. కానీ నేను డిగ్రీ చదువుతుండగా ఈ సంబంధం అనుకున్నప్పుడు నాకు వద్దని చెప్పాను. ఏడ్చి కాదు, మామూలుగానే చెప్పాను. మా అమ్మమ్మ తమలపాకు ఈనెలు తీస్తూ, "మేనమామ ఉండగా బయట సంబంధం ఎందుకే? తెలిసిన రక్తం" అంది. ఆ మాటతో చర్చ అయిపోయింది. పెళ్ళి పీటల మీద కూడా నా నోటికి "మావయ్యా" అనే వచ్చింది. ఆ తర్వాత "ఏమండీ" అనడం అలవాటయ్యేదాకా నేను నోరు జారినప్పుడల్లా ఇంట్లో అందరికీ కాలక్షేపం. "అదే అలవాటు పడుతుందిలే" అనేది మా అమ్మ.

అమ్మాయి పుట్టి, వెనక గిన్నె పడినా తిరిగి చూడకపోతే విజయవాడ తీసుకెళ్ళాం. చెవుల డాక్టరు దాన్ని చూడకముందే మమ్మల్నిద్దరినీ చూసి, "మేనరికమా?" అని అడిగాడు. మా ఆయన తల ఊపారు. డాక్టరు ఏదో రాసుకున్నాడు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను కడుపుతో ఉండగా గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నానని తేల్చారు. గ్రహణం నాడు నన్ను గదిలో పడుకోబెట్టి తలుపు వేసింది మా అమ్మే. ఆ గదిలో కత్తిపీట లేదు. ఆ విషయం నేను చెప్పినప్పుడల్లా, "పాత గొడవలు ఎందుకులే" అంటుంది. వాళ్ళకు పాతవి. నా కూతురు రోజూ పొద్దున్నే చెవి మిషన్ పెట్టుకుంటుంది, నాకు అది రోజూ కొత్తే.

ఇక కుక్క సంగతి. మా అన్నయ్య చేపల చెరువు కాపలాకి ఏలూరు నుంచి ఒకే తల్లి పిల్లలు రెండింటిని తెచ్చుకున్నాడు, ఒక మగది, ఒక ఆడది. చెరువు మీద వాలే పిట్టల్ని తరమడానికీ, వలలేసే దొంగల్ని చూసి మొరగడానికీ. ఆ ఆడది ఉండి ఊరి వైపు చెరువు మీది కుక్కతో కలిసి ఒక ఈత ఈనింది. చుట్టుపక్కల చెరువుల ఆసాములు వచ్చి మగపిల్లల్ని ఏరుకుపోయారు. చివరికి మిగిలిన ఆడపిల్లని చేపల మేత సంచిలో వేసుకుని మా ఇంటికి తెచ్చాడు అన్నయ్య. "ఎవరూ తీసుకోలేదు చెల్లెమ్మా. గట్టు మీద వదిలేద్దామనుకున్నా. నువ్వు ఇంట్లో ఊరికే ఉంటావుగా." నేను ఊరికే ఉండను, స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆ సంగతి అన్నయ్యకి తెలుసు.

ఆ సంచిలోంచి వచ్చినదే మా కుక్క. దాని తల్లి తర్వాత పాము కరిచి పోయింది. చెరువు మీద ఉన్న మగది తల్లికి తోబుట్టువు కాబట్టి, మా వాళ్ళ వరసల్లో దీనికి మేనమామ.

ఎవరూ తీసుకోని ఆ కుక్క మా అమ్మాయికి చెవులైంది. ఎవరూ నేర్పలేదు. బెల్ మోగితే వెళ్ళి అమ్మాయి మోచేతిని ముక్కుతో తాకుతుంది. కుక్కర్ కూత వేస్తే వంటింటికీ అమ్మాయికీ మధ్య తిరుగుతుంది. వీధిలో వెనక నుంచి లారీ వస్తే అమ్మాయి కాళ్ళకు అడ్డం నిలబడుతుంది. అమ్మాయికి ఏలూరులో ఉద్యోగం వచ్చేలా ఉంది. అక్కడ ఒంటరిగా గది తీసుకుని ఉండాలి. కుక్కకు ఎప్పటికైనా వయసు పైబడుతుంది. దీని కడుపున ఒక్క పిల్ల పుడితే అది అమ్మాయికి తోడుంటుందని, నిజం చెప్పాలంటే, మా అన్నయ్య అడగక ముందునుంచే నాకు ఆశ ఉంది. నా ఆశ వేరు, వాళ్ళు అడిగిన తీరు వేరు.

"ముందు డాక్టరుకు చూపిస్తాను. తర్వాతే మాట" అన్నాను.

"కుక్క పెళ్ళిచూపులకి డాక్టరు కూడానా?" అన్నాడు అన్నయ్య.

"నాకు లేకపోయాడుగా, దీనికన్నా ఉండనీ."

మా ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. కొరమీనుల పులుసు ఆ రోజు మా అమ్మే పెట్టుకుంది.

అమ్మాయీ నేనూ కుక్కని ఏలూరు తీసుకెళ్ళాం. పశువుల డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ నిదానంగా మాట్లాడుతుంది. ఎన్నోసారి ఎదకొచ్చింది, ఏ టీకాలు వేయించారు, పిల్లలు పుడితే ఎవరికిస్తారు, తీసుకున్నవాళ్ళు పెంచలేక వదిలేస్తే మీరు మళ్ళీ తెచ్చుకుంటారా, ఇలా అడుగుతూ పోయింది. మనిషి పిల్లని పెళ్ళి చేసి ఇచ్చేటప్పుడు కూడా మా ఇంట్లో ఇన్ని ప్రశ్నలు ఎవరూ వేయలేదు.

"ఎదకొచ్చిందని నెత్తురు కనబడగానే తీసుకెళ్ళకండి" అంది. "మొదటి రోజుల్లో మగదాన్ని దగ్గరికి రానివ్వదు. అసలు మగది ఎవరిదండీ?"

"మా అన్నయ్యది. దీని తల్లీ అదీ ఒకే ఈతలోవి."

"అంటే మేనమామా?"

ఆవిడ తప్పేం లేదు, మామూలుగా అడిగింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి నా పెదవుల వైపే చూస్తోంది. "అవునండీ" అని మాత్రం అన్నాను.

"దగ్గర రక్తం వద్దండీ. లోపల దాగి ఉన్న జబ్బులు రెండువైపుల నుంచీ కలుస్తాయి. ఈ జాతికి తుంటి కీళ్ళ బాధ ఎక్కువ. ముందు ఎక్స్‌రే చూద్దాం."

కుక్కకు మత్తిచ్చి తీశారు. తెర మీద చూపించింది. గిన్నెలో బంతి కూర్చున్నట్టు ఉండాలట తుంటి. మా కుక్కకు ఒక పక్క గిన్నె లోతు లేదు, బంతి సగం బయటే ఉంది. ఇప్పుడు కుంటటం లేదు కాబట్టి బరువు పెరగకుండా చూసుకోమంది. ఈనించవద్దంది.

"బయటి మగదానితో అయినా వద్దా?" అని అడిగాను. అడుగుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు, బతిమాలినట్టుంది.

"వద్దండీ. దీని నుంచి పిల్లలకు వస్తుంది. కొన్నింటికి నడవడమే కష్టమవుతుంది."

చెరువు మీది మగది వెనక కాలు ఈడుస్తూ నడవడం నేను చూశాను. గట్టు మీద జారిపడిందని చెప్పాడు అన్నయ్య. ఎప్పుడు జారిందని అడిగితే ఒకసారి వానాకాలం అన్నాడు, ఒకసారి ఎండాకాలం అన్నాడు.

తిరుగు రైల్లో మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. కుక్క మత్తు ఇంకా దిగక దాని ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. కుక్కపిల్ల కావాలని అమ్మాయి ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కానీ దాని ఫోన్లో చిన్న లాబ్రడార్ పిల్లల బొమ్మలు ఉన్నాయి, నేను చూశాను.

ఫోన్ చేసి విషయం చెప్పాను. అన్నయ్యకు కోపం వచ్చింది. ఉండి ఆసామికి ఒక పిల్లని ముందే మాట ఇచ్చేశాడట. ఆయన చెరువు లీజు మా అన్నయ్యకి కావాలి. మగకుక్క మా అన్నయ్యది కనుక ఈతలో మొదటి పిల్ల అన్నయ్యదే, ఇది ఇక్కడి రివాజు. ఆ మొదటి పిల్లే ఉండి ఆసామికి వెళ్ళాలి. పుట్టని పిల్లలకు వాటాలైపోయాయి, నాకు చెప్పలేదు.

"ఎక్స్‌రే తీస్తే దేవుడి విగ్రహంలో కూడా పగులు కనబడుతుంది చెల్లెమ్మా" అన్నాడు.

మా అమ్మ ఫోన్ లాక్కుంది. "గేదెకి ఎక్స్‌రే తీయించి దున్నకి కట్టామా ఎప్పుడన్నా? పాలు తాగలేదా మనం?"

"కుక్క పాలు తాగలేదు కదమ్మా" అని పెట్టేశాను.

మా ఆయన నాకు సరేనన్నారు. వాళ్ళ అక్క, అంటే మా అమ్మ, ఫోన్ చేస్తే అక్కకి కూడా సరేనన్నారు. నాకు తెలిసినంతవరకూ ఆయన జీవితంలో చేసిన పని అదే, ఇద్దరికీ సరేననడం.

కొన్నాళ్ళకి, నేను స్కూల్లో ఉండగా, అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. నాన్న కుక్కకి స్నానం చేయించుకొస్తానని తీసుకెళ్ళారు, ఇంకా రాలేదు, కుక్కర్ కూతలు తెలియక పప్పు మాడిపోయింది, అని. మా ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అన్నయ్య కూడా ఎత్తలేదు. ఇద్దరూ ఎత్తకపోతే ఇంకా వేరే చెప్పాలా. పర్మిషన్ పెట్టి, అమ్మాయిని వెంటబెట్టుకుని భీమవరం బస్సెక్కాను. అక్కడి నుంచి ఉండి మీదుగా ఆకివీడు, ఆకివీడు నుంచి ఆటోలో చెరువు. దారి పొడవునా చెరువులే. ఒకప్పుడు వరి కోసిన పొలాలు అవి, ఇప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

గట్టు మీద పాక దగ్గర మంచం వేసుకుని మా ఆయన కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచారు, మళ్ళీ కూర్చున్నారు. మా అమ్మ మేత సంచుల నీడలో ఉంది. మగకుక్క అవతల నిలబడి చెవి దులుపుకుంటోంది, చెవి అంచు చిట్లి నెత్తురు కారుతోంది. మా కుక్క మంచం కింద గోడకి ఆనుకుని పళ్ళు బయటపెట్టి ఉంది. అమ్మాయిని చూడగానే పాక్కుంటూ బయటికొచ్చి దాని కాళ్ళ మధ్య దూరింది.

"పొగరు చెల్లెమ్మా నీ కూతురికి" అన్నాడు అన్నయ్య. కుక్కనే అన్నాడు. "పొద్దుట్నుంచి దగ్గరికి రానివ్వటం లేదు. చూడు ఎలా కరిచిందో."

ఆ పొద్దున మా ఆయన హాల్లో నేల మీద నెత్తురు చుక్క చూశారట. వెంటనే అక్కకి ఫోన్. గేదెకైతే ఎదకొచ్చిన పూటే తోలుకెళ్ళాలి, దాటితే మళ్ళీ అదను దొరకదు. ఆ లెక్కనే, చేస్తున్న పని వదిలేసి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని కుక్కని తోలుకొచ్చారు. మొదటి రోజుల్లో అది రానివ్వదని డాక్టరమ్మ చెప్పిన మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

"ఇది గేదె కాదన్నయ్యా."

"ఏదైనా ఆడదేగా. నాలుగు రోజులు ఇక్కడ ఉంచేసెయ్. అదే అలవాటు పడుతుంది."

అంతవరకూ నేను నెమ్మదిగానే ఉన్నాను. ఆ మాట విన్నాక ఉండలేకపోయాను. "దీన్ని ఒక్క రోజు కూడా ఉంచను. ఇక మీదట మీరెవరూ దీని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అన్నాను.

"ఎందుకే అంత పంతం?" అంది మా అమ్మ. "నీకు ఏం అన్యాయం చేశాం? తమ్ముడికిచ్చి చేశాం, బంగారంలా చూసుకున్నాడు. నీకు పిల్ల పుట్టలేదా?"

"పుట్టింది కదమ్మా. అదిగో" అని చెయ్యి చూపించాను.

అందరూ మా అమ్మాయి వైపు చూశారు. మా అమ్మ చూసింది, అన్నయ్య చూశాడు, మా ఆయన కూడా తలెత్తి చూశారు. అది కుక్క మెడకి గొలుసు వేస్తూ, తల పక్కకి తిప్పి నా పెదవుల్నే చూస్తోంది. ఇన్నేళ్ళకి వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. అంతకంటే గట్టి మాట నేను ఎప్పుడూ అనలేదు, ఇక అనబోను కూడా.

మా ఆయన తెచ్చిన ట్రాలీ ఆటోలోనే తిరిగి బయలుదేరాం. ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. వెనక మేమిద్దరం, మధ్యలో కుక్క. గాలి హోరుకి అమ్మాయి చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుంది. అలాంటప్పుడు నేను దాని ఎదురుగా ముఖం పెట్టి మాట్లాడాలి. పక్కకి తిరిగి తప్పించుకోవడానికి ఉండదు.

ఉండి ఊరు దాటాక అమ్మాయి అంది, "అందరూ నన్నే చూశారమ్మా."

"సిగ్గుండాలి వాళ్ళకి."

"నువ్వే చూపించావు."

"వాళ్ళు చేసింది తప్పని తెలియాలని చూపించాను."

అది కుక్క వీపు నిమిరింది. తర్వాత నెమ్మదిగా, దాని ముద్ద మాటల్లో, "ఆ తప్పు నేనేగా" అంది.

కాదని చెప్పాను. ముఖం దగ్గరగా పెట్టి, అక్షరం అక్షరం విడదీసి, నువ్వు కాదు అన్నాను. వాళ్ళు నన్ను అడగకుండా చేశారు, నా ఇష్టం చూడకుండా కట్టబెట్టారు, నా కోపం అది, అన్నాను.

"నిన్ను అడిగితే వద్దనేదానివి కదా."

"వద్దన్నాను కూడా."

"వాళ్ళు వింటే నేను లేను."

లెక్క సరిగ్గానే ఉంది. లెక్కల టీచర్‌ని, తప్పు చూపించలేకపోయాను. ముందు కూర్చున్న మనిషి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఎద తగ్గాక కొన్ని నెలలు ఆగమన్నారు కాబట్టి ఆగి, ఏలూరులోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఆ పొద్దున ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు మా అమ్మాయిని అడిగాను, నీకు ఇష్టమేనా, పిల్ల కావాలనుకున్నావు కదా, అని. ఈసారి అడిగాను.

"కావాలనుకున్నాను" అంది. "కానీ దీని తుంటి బాగాలేదు. దీనికి కాన్పు కష్టం, పుట్టినవాటికి నడక కష్టం. నాకు తోడు కోసం వాటిని కుంటిగా పుట్టించనా? అందుకే వద్దు. అంతవరకే. ఇందులో నన్ను కలపకు."

"నేనెక్కడ కలిపాను?"

"అమ్మా, నేను కుక్కపిల్లని కాదు. నాకు వినపడదు, అంతే. నేను బాగానే ఉన్నాను. అమ్మమ్మతో గొడవ పడాలంటే నువ్వు పడు, నీ పెళ్ళి గురించి పడు. నన్ను చూపించి పడకు."

లోపల నుంచి పిలిచారు. కుక్కని అదే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది, నన్ను పట్టుకోనివ్వలేదు.

మా అన్నయ్య ఆ మగదానికి ఇంకో చెరువు మీది ఆడదాన్ని కట్టించాడని, పిల్లలు ఉండి ఆసామికి వెళ్ళాయని తెలిసింది. అవి ఎలా నడుస్తున్నాయో కనుక్కోమని మా ఆయనకి చెప్పాను. సరేనన్నారు. కనుక్కోలేదు. మా అమ్మ ఫోన్ చేస్తే ఆయనే మాట్లాడతారు, నాకు ఇవ్వమని ఆవిడా అడగదు. గ్రహణం, కత్తిపీట, మేత సంచి, పెళ్ళి భోజనాల దగ్గర మాట, ఏదీ నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు. కాకపోతే వాటిని చెప్పాల్సి వచ్చినప్పుడు చివర్లో నేను చూపించే సాక్ష్యం ఒకటుండేది. అది ఇప్పుడు వాడుకోవడానికి లేదు. అది లేకుండా నా ఫిర్యాదు చెబుతుంటే, అందరి ఇళ్ళలో ఉండే సంగతిలాగే వినిపిస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు.

అమ్మాయి ఏలూరులో ఉద్యోగంలో చేరింది. కుక్కకు మెట్లు మంచివి కావని కింది వాటాలో గది వెతుక్కుంది. రెండూ అక్కడే ఉంటున్నాయి. నేను వెళ్ళినప్పుడు బెల్ కొడితే కుక్క అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెబుతుంది, అమ్మాయి వచ్చి తలుపు తీస్తుంది. ఇంకో కుక్కపిల్ల మాట నేను ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. ఇది ముసలిదయ్యాక ఏం చేస్తావని ఒకసారి అడిగితే, "అప్పుడు దీనికి నేను వింటాను" అంది.